గోడకు తెల్ల రంగు, గొట్టంలో నల్ల నీళ్లు

బ్రిటన్‌లో స్నానాల గదికి రంగులు వేయించుకున్నాక చాలా ఇళ్లలో ఒక చిక్కు మొదలవుతుంది. టవళ్లు ఆరేసుకునే వేడి కడ్డీల చట్రాన్ని, అక్కడివాళ్లు టవల్ రెయిల్ అనేదాన్ని, గోడ నుంచి విప్పి పక్కన పెడతారు. రంగు ఆరాక మళ్లీ బిగిస్తారు. బిగించిన చోట చుక్క నీరు కారదు. అయినా మర్నాడు హీటింగ్ వేస్తే, ఎవరూ చెయ్యి పెట్టని పడకగది రేడియేటర్ పై సగం చల్లగా ఉంటుంది. గొట్టాల్లో గళగళమని చప్పుడు. బాయిలర్ మీద ఒత్తిడి చూపే ముల్లు కిందికి దిగిపోయి ఉంటుంది. విప్పింది ఒక్క గదిలో, తేడా కనిపించేది ఇల్లంతా.

ఆశ్చర్యపరిచేది ఇంకోటి ఉంది. రెయిల్ అడుగున నట్టు వదులు చేయగానే వచ్చే నీళ్లు నల్లగా ఉంటాయి. అవి ఒకప్పుడు కుళాయి నుంచి తేటగా ఎక్కిన మంచినీళ్లే. తివాచీ మీద పడితే ఆ మరక ఒక పట్టాన వదలదు. ఈ నలుపుకీ, ఆ పడకగది చల్లదనానికీ మూలం ఒకటే. అదేమిటో తెలిస్తే రెయిల్ విప్పడంలో ఏది ముందు, ఏది వెనక అన్నది ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

తిరిగిన నీళ్లే తిరుగుతాయి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గోడకున్న గీజరులోకి రోజూ కొత్త నీళ్లు వస్తాయి. వేడెక్కి బకెట్లోకి పోతాయి. గీజరు కట్టేసి, నీళ్ల వాల్వు తిప్పేస్తే దాని సంగతి అక్కడితో సరి. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు మొదట తడబడేది ఇక్కడే. అక్కడి ఇంటిని వెచ్చబరిచే ఏర్పాటులో నీళ్లు ఖర్చుకావు. బాయిలర్ వేడి చేసిన నీళ్లను పంపు గొట్టాల్లోకి తోస్తుంది, అవి ఒక్కో రేడియేటర్‌లోకి వెళ్లి వేడిని గదికిచ్చి, చల్లబడి బాయిలర్‌కు తిరిగొస్తాయి. మళ్లీ వేడెక్కి మళ్లీ బయల్దేరతాయి. స్నానానికి వాడే వేడినీళ్ల దారి వేరు. ఈ నీళ్లు ఆ నీళ్లతో కలవవు.

1970 ప్రాంతంలో బ్రిటన్ ఇళ్లలో మూడింట ఒక వంతుకు అటూ ఇటూగా మాత్రమే ఇలాంటి సెంట్రల్ హీటింగ్ ఉండేది. ఇప్పుడు అది లేని ఇల్లు అరుదు. స్నానాల గదిలోని టవల్ రెయిల్ కూడా ఈ వలయంలో ఒక రేడియేటరే. రెండు నిలువు గొట్టాలు, వాటిని కలుపుతూ అడ్డంగా కడ్డీలు, అడుగున ఇటొక వాల్వు, అటొక వాల్వు, పైన ఒక మూల గాలి వదిలే చిన్న మర. లోపల నాలుగైదు లీటర్ల నీళ్లు పడతాయి, పెద్ద రెయిల్ అయితే ఇంకా ఎక్కువ. ఇల్లంతటి వలయంలో వంద లీటర్లున్నాయి అనుకుంటే అందులో ఇది ఇరవయ్యో వంతు.

ఇప్పటి ఇళ్లలో ఎక్కువ వాటికి ఈ వలయం పూర్తిగా మూసి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య నిలబడాలి. ఒక బార్ అంటే నీటిని పది మీటర్ల ఎత్తుకు నిలపగల ఒత్తిడి, రెండంతస్తుల ఇంటికి చాలినంత. పది డిగ్రీల సెల్సియస్ నుంచి డెబ్బై డిగ్రీలకు వేడెక్కితే నీరు రెండు శాతానికి పైగా వ్యాకోచిస్తుంది. అంటే వంద లీటర్లకు రెండు లీటర్ల పైచిలుకు. మూసిన గొట్టాల్లో ఆ రెండు లీటర్లు ఎక్కడికి పోవాలి? బాయిలర్‌లోపలో పక్కనో విస్తరణ పాత్ర అనే ఒక లోహపు పాత్ర ఉంటుంది. దాని నడుమ రబ్బరు పొర, పొరకు ఒక పక్క గాలి లేదా నైట్రోజన్, ఇంకో పక్క నీళ్లు. నీరు ఉబ్బినప్పుడు పొర వంగి, వాయువు నొక్కుకుపోయి, చోటిస్తుంది. ఈ పాత్ర పాడై ఒత్తిడి 3 బార్లకు చేరితే రక్షణ వాల్వు తెరుచుకుని నీళ్లను బయటికి వదిలేస్తుంది.

పాత ఇళ్లలో కొన్నిటికి ఈ పాత్ర బదులు అటక మీద చిన్న తొట్టి కనిపిస్తుంది. అక్కడ ముల్లు ఉండదు. నీళ్లు తగ్గితే తొట్టి తనంతట తానే నింపుతుంది. సదుపాయమే గానీ, ఎక్కడైనా కారుతూ ఉంటే ఇంటివాళ్లకు తెలియనివ్వదు.

నలుపు ఎక్కడిది?

రేడియేటర్లు ఉక్కువి. క్రోమ్ పూతతో తళతళలాడే టవల్ రెయిల్ కూడా లోపల ఎక్కువగా మామూలు ఉక్కే. పూత బయటికే పరిమితం. ఉక్కులో నీళ్లుంటే తుప్పు పట్టాలి కదా, మరి ఈ గొట్టాలు ఇరవై ఏళ్లు ఎలా నిలుస్తున్నాయి?

తుప్పుకు నీళ్లొక్కటే చాలవు, ఆక్సిజన్ కావాలి. పది డిగ్రీల చల్లటి కుళాయి నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. వంద లీటర్ల వలయాన్ని మొదటిసారి నింపినప్పుడు లోపలికి వెళ్లేది గ్రాముకు కాస్త ఎక్కువ. ఇనుము ఆ గ్రామునూ పట్టుకుంటుంది. అక్కడితో ఆక్సిజన్ అయిపోతుంది. అది చాలినంత లేని చోట పుట్టేది మనకు తెలిసిన ఎర్రటి తుప్పు కాదు, మాగ్నటైట్ అనే నల్లటి ఇనుప ఆక్సైడు. ఆ గ్రాము ఆక్సిజన్‌కు తయారయ్యే మాగ్నటైట్ నాలుగు గ్రాముల లోపే, చిన్న చెంచా నిండదు. తర్వాత నీళ్లు నిస్సారంగా, ఇనుముకు హాని చేయలేని స్థితిలో తిరుగుతూ ఉంటాయి. చూడ్డానికి మురికిగా ఉన్నా, గొట్టాలకు అవే మేలైన నీళ్లు.

పూర్తిగా నిరపాయం అనలేం. ఆక్సిజన్ అయిపోయాక కూడా వేడి నీరు, ఇనుము కలిసి అతి నెమ్మదిగా చర్య జరుపుతాయి. రసాయన శాస్త్రంలో దీన్ని షికోర్ చర్య అంటారు. ఇందులోనూ మాగ్నటైట్ పుడుతుంది, దాంతోపాటు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. రేడియేటర్ పైభాగంలో చేరి మనం గాలి అనుకునేది ఒక్కోసారి హైడ్రోజనే. అది మండే వాయువు. అందుకే రేడియేటర్ గాలి వదిలేటప్పుడు దగ్గర్లో అగ్గిపుల్లగానీ లైటర్‌గానీ వెలగకూడదు. ఒకే రేడియేటర్‌లో నెలనెలా వాయువు చేరుతోందంటే ఎక్కడో గాలి లోపలికి చొరబడుతోందని, లేదా లోపల ఉక్కు తరుగుతోందని అనుమానించాలి.

ఈ మాగ్నటైట్ చాలా సన్నటి పొడి. నీటికంటే అయిదు రెట్లు బరువు. నీళ్లు మెల్లగా కదిలే చోట, అంటే రేడియేటర్ల అడుగున, మడ్డిగా పేరుకుంటుంది. పై భాగం చల్లగా ఉంటే లోపల వాయువు చేరినట్టు, అడుగు చల్లగా ఉంటే మడ్డి చేరినట్టు. ఈ ఒక్క గుర్తు తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. మాగ్నటైట్‌కు అయస్కాంతానికి అంటుకునే గుణం ఉంది కాబట్టి కొత్త బాయిలర్ల దగ్గర గొట్టానికి అయస్కాంతపు వడపోత పెడతారు. మూత తీస్తే లోపలి కడ్డీకి నల్లటి పేస్టు దట్టంగా పట్టి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. రెయిల్ విప్పడంలో అందరూ భయపడేది బయటికి వచ్చే నీళ్లకు. గొట్టాలకు నష్టం చేసేది మాత్రం లోపలికి వెళ్లే కొత్త నీళ్లు, కొత్త గాలి. అయిదు లీటర్ల కొత్త నీటితో వచ్చే ఆక్సిజన్ 55 మిల్లీగ్రాములే. ఒకసారికి అది లెక్కలోకి రాదు. కానీ బిగింపు సరిగా లేక వారానికోసారి ఒత్తిడి తగ్గి, వారానికోసారి కుళాయి నీళ్లు ఎక్కిస్తూ పోతే, ఎప్పుడో ఆగిపోవాల్సిన తుప్పుకు మనమే మేత వేస్తున్నట్టు.

గాలి సంగతి ఇంకా తీవ్రం. లీటరు చల్లటి నీటిలో 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, లీటరు గాలిలో ఉండేది సుమారు 280 మిల్లీగ్రాములు, పాతిక రెట్లు. నీళ్లు వంపేసిన రెయిల్‌ని రెండు మూతులూ తెరిచి వరండాలో రెండు వారాలు నిలబెడితే, తడిసిన ఉక్కు గోడలకు అంత గాలి అందుతుంది, పైగా ఆ గాలి మారుతూ ఉంటుంది. వలయంలో ఏళ్ల తరబడి జరగని తుప్పు ఆ రెండు వారాల్లో మొదలవుతుంది. విప్పిన వెంటనే తోటలో గొట్టంతో లోపల కడిగి, తలకిందులుగా వంచి నీరంతా కారనిచ్చి, రెండు మూతులకూ మూతలు బిగించి పెట్టడం ఎంతో మేలు. మూత ఉంటే లోపల చిక్కిన గాలితోనే ఆ చర్య ఆగిపోతుంది.

ఎగువ తూము, దిగువ పొలం

రెయిల్ అడుగున ఉండే రెండు వాల్వులు పైకి ఒకేలా ఉన్నా వాటి పనులు వేరు. ఒకటి మన చేతితో తిప్పుకునేది. రెండోదానికి తిప్పుకోవడానికి పిడి ఉండదు, ఉత్త ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. దాన్ని లాక్‌షీల్డ్ వాల్వు అంటారు. టోపీ పీకి, లోపలున్న చిన్న కడ్డీని పానాతో తిప్పాలి. ఇంట్లోవాళ్లు ఊరికే తిప్పకూడదనే ఆ ఏర్పాటు.

దాని పని గోదావరి, కృష్ణా ఆయకట్టు రైతులకు వివరించనక్కరలేదు. కాలువకు ఎగువనున్న తూము పూర్తిగా ఎత్తేస్తే ఆ పొలం మునిగిపోతుంది, చివరి పొలానికి తడి అందదు. అందరికీ పారాలంటే పైవాళ్ల తూము కొంత దించి ఉంచాలి. పంపు తోసే నీరు కూడా సులువైన దారినే వెతుక్కుంటుంది. బాయిలర్‌కు దగ్గరగా ఉండి, అడ్డంకి తక్కువగా ఉన్న రేడియేటర్‌లోకి పరుగెడుతుంది. దూరపు గదికి మిగిలేది కొద్దిగా. హీటింగ్ అమర్చిన మనిషి ఒక్కో లాక్‌షీల్డ్‌నూ తగినంత మూసి ఈ తగవు తీర్చి ఉంటాడు. టవల్ రెయిల్‌లాంటి చిన్నదానికి అది ఒక చుట్టు మాత్రమే తెరిచి ఉండొచ్చు, ఇంకా తక్కువే తెరిచి ఉండొచ్చు.

రెయిల్ విప్పేటప్పుడు ఆ వాల్వును పూర్తిగా మూస్తాం. తిరిగి బిగించాక, నీళ్లు బాగా రావాలన్న ఉద్దేశంతో పూర్తిగా తెరుస్తాం. ఎగువ తూము ఎత్తేసినట్టే. స్నానాల గది కాగిపోతుంది, చివరి గది చల్లబడుతుంది. అందువల్ల మూసేటప్పుడే ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, ఒకటిన్నరో రెండుంపావో, ఒక కాగితం ముక్క మీద రాసి ఆ గొట్టానికే అంటించాలి. ఈ పనంతటిలో ఇంతకంటే విలువైన జాగ్రత్త లేదు. ఖర్చు లేదు, క్షణం పడుతుంది. అది వదిలేస్తే ఇల్లంతా థర్మామీటరు పట్టుకుని ఒక్కో రేడియేటర్‌నూ మళ్లీ సరిచేసుకోవాలి.

బాయిలర్‌కూ దీనితో సంబంధం ఉంది. 2005 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకానివే కావాలన్న నియమం ఉంది. గ్యాస్ మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిని ఇవి లోపలే చల్లబరిచి నీరుగా మార్చి, ఆ వేడిని కూడా రాబట్టుకుంటాయి. అలా జరగాలంటే గదులన్నీ తిరిగొచ్చే నీరు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. లాక్‌షీల్డ్ బార్లా తెరిచిన చిన్న రెయిల్‌లోంచి నీరు వేడి దింపుకోకుండానే పరుగున తిరిగొచ్చేస్తుంది. ఆవిరి నీరు కాకుండా పొగగొట్టం దారిన పోతుంది. దాంతోపాటే గ్యాస్ డబ్బులూ.

మంచు గుర్తు పెట్టినా మూసుకోని వాల్వు

చేతితో తిప్పే ఆ మొదటి వాల్వు కొన్ని ఇళ్లలో అంకెలున్న థర్మోస్టాటిక్ రకం. డెన్మార్క్‌కు చెందిన మాడ్స్ క్లాసెన్ 1943లో దీన్ని రూపొందించాడు. విద్యుత్తు అక్కర్లేకుండా గది వేడిని బట్టి తనే తెరుచుకుని, తనే మూసుకునే చక్కటి సాధనం. దాని తలలో మైనంతోగానీ ద్రవంతోగానీ నింపిన బిళ్ల ఉంటుంది. గది వేడెక్కితే అది ఉబ్బి కింద ఉన్న సన్నటి పుల్లను నొక్కుతుంది, వాల్వు మూసుకుంటుంది. గది చల్లబడితే బిళ్ల ముడుచుకుంటుంది, స్ప్రింగు పుల్లను పైకి నెడుతుంది, వాల్వు తెరుచుకుంటుంది.

ఇక్కడున్న ప్రమాదం చాలామంది ఇళ్లను తడిపింది. తలను తిప్పి మంచు గుర్తు దగ్గర పెడితే వాల్వు మూసుకుందని అనుకుంటారు. గది ఆరేడు డిగ్రీలకు దిగితే, గొట్టాలు గడ్డకట్టకుండా అది తెరుచుకోవాలి. దాన్ని తయారుచేసిందే అందుకు. జనవరిలో రంగు వాసన పోవాలని కిటికీ తెరిచి పడుకుంటే, తెల్లవారుజామున గది చల్లబడి వాల్వు తన పని తాను చేస్తుంది. రెయిల్ లేదు కాబట్టి నీళ్లు నేల మీదికే. ఇంకొందరు రంగు అంటుతుందని ఆ తలనే ఊడదీస్తారు. అప్పుడు పుల్లను నొక్కేది ఏమీ ఉండదు, వాల్వు పూర్తిగా తెరుచుకున్నట్టే.

ఇలాంటి వాల్వుకు పుల్లను నొక్కి పట్టే మర టోపీ విడిగా దొరుకుతుంది. తల తీసి దాన్ని బిగించాలి. అప్పటికీ వాల్వును మాత్రమే నమ్ముకోకుండా, రెయిల్ నట్టు బిగిసే మూతికి లోహపు మూత కూడా పెట్టాలి. ఏళ్లుగా కదలని వాల్వులు మడ్డి చేరి పూర్తిగా మూసుకోవు. బొట్టుబొట్టుగా కారినా రెండు వారాల్లో నేల చెక్కలు ఉబ్బుతాయి.

బాక్స్: మెరిసే కడ్డీ ఎందుకు తక్కువ వెచ్చగా ఉంటుంది?

ఒకే కొలత రెయిల్‌ని తెల్ల రంగుతో కొంటే గదికి వచ్చే వేడి ఎక్కువ, క్రోమ్ పూతతో కొంటే తక్కువ. తయారీదారులు ఇచ్చే అంకెల్లోనే ఈ తేడా కనిపిస్తుంది. కారణాన్ని 1804లోనే స్కాట్లండ్ శాస్త్రవేత్త జాన్ లెస్లీ తేల్చాడు. ఆయన ఒక లోహపు డబ్బాలో మరిగే నీళ్లు పోశాడు. దాని ఒక ముఖం మెరుగు పెట్టినది, ఇంకొకటి నలుపు పూసినది. లోపలి నీటి వేడి ఒకటే అయినా నల్ల ముఖం చాలా ఎక్కువ వేడిని వెదజల్లింది, మెరిసే ముఖం చాలా తక్కువ. నున్నటి లోహం కాంతిని తిప్పికొట్టినట్టే ఉష్ణ కిరణాలను లోపలే ఆపుకుంటుంది. వాటిని వెదజల్లే విషయంలో తెలుపు, నలుపు రంగుల మధ్య తేడా దాదాపు లేదు. మన కంటికి కనిపించే రంగుకూ, కంటికి అందని ఉష్ణ కిరణాలకూ సంబంధం అంతంతమాత్రమే.

అయితే రెయిల్ గదికిచ్చే వేడిలో కిరణాల వాటా కొంతే. మిగతాది దాన్ని తాకి వేడెక్కి పైకి లేచే గాలిది. అందుకే క్రోమ్ రెయిల్ వేడి కొంత తగ్గుతుంది తప్ప పూర్తిగా పోదు. తళుకు ముఖ్యమా, వెచ్చదనం ముఖ్యమా అని అడిగితే, వేరే రేడియేటర్ లేని చిన్న స్నానాల గదికి నేను తెల్లదే సిఫారసు చేస్తాను.

నట్టు కదిపే క్షణం

ముందు హీటింగ్ ఆపి రెయిల్‌ని పూర్తిగా చల్లారనివ్వాలి. అరవై డిగ్రీల నీళ్లు చర్మాన్ని కాలుస్తాయి. తర్వాత రెండు వాల్వులూ మూయాలి. ఇక పానా నట్టు మీద పెట్టొచ్చా? ఇంకా కాదు. వాల్వులు నిజంగా మూసుకున్నాయో లేదో నీళ్లే చెబుతాయి, అడగాలి.

పైనున్న గాలి మరను గుడ్డ అడ్డం పెట్టి కొంచెం తిప్పండి. లోపల చిక్కుకున్న ఒత్తిడితో నీరో గాలో కాస్త చిమ్ముతుంది. నీటిని నొక్కి కుదించడం దాదాపు అసాధ్యం. అందువల్ల కొద్ది నీరు బయటికి రాగానే ఒత్తిడి మొత్తం పడిపోయి ధార ఆగాలి. ఆగితే రెండు వాల్వులూ గట్టిగా మూసుకున్నట్టు. ధార ఆగకుండా వస్తూనే ఉంటే ఎక్కడో ఒక వాల్వు నీళ్లను వదులుతోంది. అప్పుడు మరను మళ్లీ బిగించి, ఆ పనిని ప్లంబర్‌కు అప్పగించాలి. నట్టు విప్పకముందే, నేల తడవకముందే దొరికే సమాచారం ఇది.

మర మూసే ఉంచి, కింద పళ్లెం పెట్టి, ఒక వైపు నట్టును వదులు చేస్తే చాలామంది ఊహించినంత నీరు రాదు. రెయిల్ ఎత్తు సాధారణంగా మీటరున్నరకు మించదు, బయటి గాలి ఒత్తిడి పది మీటర్ల నీటిని నిలపగలదు. పైనుంచి గాలి వెళ్లే దారి లేనంతసేపూ సన్నటి సందులోంచి నీరు కిందికి జారలేదు. పై మర తెరిస్తే గాలి లోపలికి పోతుంది, నీరు దిగుతుంది. మూస్తే నెమ్మదిస్తుంది. అంటే అడుగున కారే నీటికి కుళాయి పై మూలనుంది. పళ్లెం నిండినప్పుడు మర మూసి, పారబోసి వచ్చి, మళ్లీ తెరవొచ్చు. ఒక మనిషి పైన, ఒక మనిషి కింద ఉంటే పని హాయిగా సాగుతుంది.

పానా ఒకటి సరిపోదు, రెండు కావాలి. నట్టును తిప్పేటప్పుడు వాల్వు ఒంటిని రెండోదానితో కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే ఆ మెలి కింద ఉన్న 15 మిల్లీమీటర్ల రాగి గొట్టానికి చేరుతుంది. రాగి మెత్తనిది, మెలి తిరుగుతుంది. నేల చెక్కల కింద కనిపించని అతుకు సడలినా అప్పటికప్పుడు తెలియదు.

ఖాళీ అయిందనుకున్న రెయిల్‌లోనూ అడుగున నల్లటి మడ్డి మిగిలే ఉంటుంది. రెండు మూతులకూ గుడ్డ కుక్కి, తివాచీ పరిచిన మెట్ల మీదుగా కాక వీలైతే వేరే దారిన బయటికి తీసుకెళ్లాలి.

రెయిల్‌కు కరెంటు కూడా ఉంటే

కొన్ని రెయిళ్ల అడుగున విద్యుత్ కడ్డీ కూడా ఉంటుంది. వేసవిలో బాయిలర్ ఆపేసినా టవళ్లు ఆరడానికి ఆ ఏర్పాటు. అలాంటి రెయిల్‌లో రెండు వాల్వులూ మూసి కరెంటు వేయడం ప్రమాదం. వ్యాకోచించే నీటికి విస్తరణ పాత్రకు చేరే దారి ఉండదు, లోపల ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. అందుకే వేసవిలో చేతి వాల్వు మూసినా లాక్‌షీల్డ్ తెరిచే ఉంచుతారు. నీళ్లు తీసేసిన రెయిల్‌లో ఆ కడ్డీ వెలిగితే వేడిని తీసుకెళ్లే నీరు లేక కాలిపోతుంది. కాబట్టి వాల్వుల జోలికి వెళ్లకముందే కరెంటు తీసేయాలి. స్నానాల గదిలో విద్యుత్ తీగలకు బ్రిటన్‌లో కఠినమైన నియమాలున్నాయి. తీగ విడదీయడం, తిరిగి కలపడం అర్హతగల ఎలక్ట్రీషియన్ చేయాలి. నీటి వలయంలోని రేడియేటర్ విప్పడానికి మాత్రం ఏ అనుమతి పత్రమూ అక్కర్లేదు. బాయిలర్ లోపలి గ్యాస్ భాగాలను ముట్టుకోవాలంటేనే గ్యాస్ సేఫ్ నమోదు ఉన్నవారు రావాలి. అద్దె ఇల్లయితే యజమానిని అడగనిదే ఏదీ విప్పకపోవడం మంచిది.

రెయిల్ లేని రోజుల్లో

వాల్వులకు మూతలు పెట్టాక మిగతా ఇంటికి హీటింగ్ వేసుకోవచ్చు, ఒక షరతు మీద. పంపు తోసే నీటికి ఎప్పుడూ ఒక దారి తెరిచి ఉండాలి. పాత ఇళ్లలో చాలాచోట్ల ఆ ఎప్పుడూ తెరిచి ఉండే దారి స్నానాల గదిలోని టవల్ రెయిలే. మిగతా రేడియేటర్లన్నిటికీ థర్మోస్టాటిక్ వాల్వులుండి, అన్నీ ఒకేసారి మూసుకుంటే పంపు మూసిన గోడకు నీటిని తోస్తూ ఉంటుంది, బాయిలర్ అతిగా వేడెక్కి ఆగిపోతుంది. దానికి ప్రత్యేకమైన బైపాస్ వాల్వు లేని ఇంట్లో, రెయిల్ తీసినన్నాళ్లూ వేరే ఏదో ఒక రేడియేటర్‌ని పూర్తిగా తెరిచి ఉంచాలి.

గోడ సంగతి కూడా చూడాలి. రెయిల్‌ని విప్పకుండానే చుట్టూ రంగు వేయొచ్చు కదా అని కొందరంటారు. గోడకూ కడ్డీలకూ మధ్య ఉన్న సందులో కుంచె సరిగా ఆడదు, పాత బూజు కడగడం కుదరదు. పైగా తడి టవళ్ల ఆవిరి ఎక్కువగా తగిలేది ఆ గోడకే. ఎమల్షన్ రంగు ఆరడం అంటే అందులోని నీరు ఎగిరిపోయి, సన్నటి ప్లాస్టిక్ రేణువులు దగ్గరకు జరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోవడం. దానికి కొంత వెచ్చదనం కావాలి. పది డిగ్రీల లోపు చల్లటి గదిలో రేణువులు సరిగా కలవక పొర బలహీనమవుతుంది. రెయిల్ తీసేసిన గదికి వేడి లేదు. పాతిక డిగ్రీల గాలి ఘనపు మీటరుకు 23 గ్రాముల ఆవిరిని పట్టి ఉంచగలిగితే, పది డిగ్రీల గాలికి అందులో సగం కూడా చేతకాదు. మిగిలింది చల్లటి గోడ మీద నీరై కూర్చుంటుంది. చలికాలంలో ఈ పని పెట్టుకుంటే, తలుపు తెరిచి పక్క గది వెచ్చదనం లోపలికి రానివ్వాలి, గాలి బయటికి లాగే ఫ్యాను నడవనివ్వాలి. ఆ కొద్దిరోజులూ స్నానం వేరే గదిలో చేయగలిగితే మరీ మంచిది.

మళ్లీ నింపడం

బిగించాక వాల్వులు తెరవగానే వలయంలోని నీళ్లు ఖాళీ రెయిల్‌లోకి చేరతాయి. ముల్లు పడిపోవడానికి మొదటి కారణం అదే. మరమ్మతు అక్కర్లేని మామూలు లెక్క అది. వాల్వులను నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తూ పై మర కొంచెం వదులుగా ఉంచితే గాలి బుస్సుమని పోతుంది, చివరికి నీరు చిమ్ముతుంది. అప్పుడు మర బిగించాలి. ముల్లు 1 బార్ కంటే కింద ఉంటే నీళ్లెక్కించే గొట్టం ద్వారా కుళాయి నీటిని కలపాలి. పని కాగానే ఆ గొట్టాన్ని రెండు చివరలా మూసి విడదీయాలి. హీటింగ్ నీళ్లు తాగునీటి గొట్టాల్లోకి వెనక్కి పోకుండా అది అక్కడి నియమం.

తొందరపడి రెండు వాల్వులూ ఒక్కసారి తెరిస్తే, రెయిల్‌లోని గాలి పైకి పోయే వ్యవధి లేక బుడగలుగా ప్రధాన గొట్టంలోకి దిగుతుంది. పంపు వాటిని ఇల్లంతా తిప్పుతుంది. గొట్టాల్లో గళగళ అదే. అవి చివరికి ఏదో ఎత్తైన రేడియేటర్ పై మూలకు చేరి నిలుస్తాయి. కొత్త నీటిలో కరిగి ఉన్న గాలి కూడా బాయిలర్ దగ్గర బయటపడుతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో గాలి ఇమిడే శక్తి తగ్గుతుంది. వాయువులు నీటిలో కరిగే తీరు మీద మాంచెస్టర్‌కు చెందిన విలియం హెన్రీ 1803లోనే సూత్రం ప్రకటించాడు. పడకగది రేడియేటర్ పై సగం మర్నాడు చల్లబడటం ఈ రెంటివల్ల. దాని గాలి మర తిప్పితే సరి. అలా గాలి వదిలినప్పుడల్లా ముల్లు మళ్లీ కొంచెం దిగుతుంది, మళ్లీ కొంచెం నీరు కలపాల్సి వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో అంతా కుదుటపడాలి.

లాక్‌షీల్డ్‌ను గొట్టానికి అంటించిన కాగితం మీది లెక్కకే తెరవాలి. తుప్పును అడ్డుకునే రసాయనం, ఇన్హిబిటర్ అనేది, వలయంలో ముందే కలిపి ఉంటే మనం పారబోసిన అయిదు లీటర్లతో అందులో ఇరవయ్యో వంతు పోయినట్టు. ఈ రసాయనం లోహం మీద పలచటి రక్షణ పొర కట్టి ఆక్సిజన్‌ని ఉక్కుదాకా రానివ్వదు. పోయినంత తిరిగి కలపడానికి రెయిల్ ఖాళీగా ఉన్నప్పుడే మంచి అవకాశం. పై మర ఉన్న మూలలోంచి నేరుగా పోసేయొచ్చు, మోతాదు డబ్బా మీద రాసి ఉంటుంది. ఏడాదికోసారి ఈ రసాయనం చాలినంత ఉందో లేదో పరీక్షించాలని బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 7593 కూడా చెబుతోంది.

తర్వాత వారం పది రోజులపాటు, హీటింగ్ వేయకముందు, చల్లగా ఉన్నప్పుడే ముల్లు చూడండి. స్థిరంగా ఉంటే పని పూర్తయినట్టు. రోజురోజుకీ దిగుతూ ఉంటే కుళాయి నీళ్లు కలిపి ఊరుకోవద్దు. పొడి టిష్యూ కాగితాన్ని రెయిల్ నట్ల చుట్టూ, వాల్వు అడుగున తిప్పి చూడండి. కంటికి కనిపించనంత తడి ఉన్నా కాగితం మీద సన్నటి బూడిద రంగు మరక పడుతుంది. ఆ నట్టును పావు చుట్టు బిగించి, మళ్లీ కొత్త కాగితంతో తుడవండి.